మిల్లులో చేయి తిరిగినవాళ్ళ కొరత అప్రెంటిస్‌షిప్‌తో తీరుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. స్పిన్నింగ్, వీవింగ్, ఒక మోస్తరు డయింగ్ హౌస్ ఉన్న మిల్లు మీది. పాత ఫిట్టర్లు (మెషిన్లు బిగించి, సరిచేసేవాళ్ళు) ఒక్కొక్కరే రిటైర్ అవుతున్నారు. కొత్తగా చేరేవాళ్ళు తక్కువ, చేరినవాళ్ళు కూడా కాస్త పని తెలిసేసరికి మానేస్తున్నారు. అప్రెంటిస్‌షిప్ పెడదామంటే మేనేజ్‌మెంట్ "మనం నేర్పిస్తాం, పక్క మిల్లువాడు ఎగరేసుకుపోతాడు" అంటోంది. పెట్టాలా వద్దా, పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

పెట్టండి. పనిచేస్తుంది. కానీ కుర్రాళ్ళను వెతకడంతో కాదు, నేర్పేవాళ్ళకు టైమ్ కేటాయించడంతో మొదలుపెట్టండి. నేను వీవింగ్ మెయింటెనెన్స్‌లో ఫిట్టర్‌గా మొదలై, తర్వాత చాలా ఏళ్ళు ట్రైనింగ్ చూశాను. దెబ్బతిన్న అప్రెంటిస్ స్కీముల్లో చాలావాటికి కారణం పిల్లలు దొరక్కపోవడం కాదు. దొరికిన పిల్లల పక్కన నిలబడి చెప్పే తీరిక ఒక్క సీనియర్‌కీ లేకపోవడం.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. వచ్చే నెల ఖాళీ అయ్యే పోస్టుకు ఇది మందు కాదు. ఆపరేటర్ పని నెలల్లో చేతికి వస్తుంది, ఫిట్టర్ తయారవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. జర్మనీలో టెక్స్‌టైల్ ప్రొడక్షన్ మెకానిక్ ట్రేడ్‌కి 3 ఏళ్ళు పెట్టారు. అక్కడే మెషిన్ నడిపే పనికి 2 ఏళ్ళు. అంత తేడా ఊరికే పెట్టలేదు.

టైమ్ అంటే ఏం టైమ్?

లూమ్ షెడ్‌లో, అంటే మగ్గాల హాల్లో, సాధారణంగా జరిగేది చూడండి. ఫిట్టర్‌కి ఒక సెక్షన్ అప్పగిస్తాం, ఆ సెక్షన్ ఎఫిషియెన్సీ మీద ఇన్సెంటివ్ కడతాం. అదే మనిషికి ఒక అప్రెంటిస్‌ని కూడా అప్పగిస్తాం. లూమ్ ఆగింది. తనే చేసుకుంటే ఐదు నిమిషాల పని, పిల్లవాడితో చేయిస్తే అరగంట. ఆ అరగంట నష్టం ఎవరి జేబులోంచి పోతుంది? ఫిట్టర్ జేబులోంచే. అందుకే అతను స్పానర్ ఇవ్వడు, "నువ్వు చూస్తూ ఉండు" అంటాడు. నాలుగు రోజులు పోయాక చూడటం కూడా ఉండదు. పిల్లవాడి చేతికి చీపురో, నూనె డబ్బానో, ఎయిర్ గన్నో వస్తుంది. ఏడాది తర్వాత ఏం నేర్చుకున్నావని అడిగితే "క్లీనింగ్" అంటాడు. అప్పుడు మేనేజ్‌మెంట్ "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదు" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే శ్రద్ధ చూపించే అవకాశమే వాళ్ళకి ఇవ్వలేదు.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. నేర్పే ఫిట్టర్ ఇన్సెంటివ్‌ని గత కొన్ని నెలల సగటు దగ్గర ఖాయం చేయండి, నేర్పినంత కాలం అది తగ్గదని కాగితం మీద రాసి ఇవ్వండి. షెడ్‌లో రెండు మూడు లూములను ట్రైనింగ్ లూములుగా ప్రకటించి, వాటిని ఎఫిషియెన్సీ లెక్కలోంచి తీసేయండి. ఒక్కో ఫిట్టర్‌కి ఇద్దరు అప్రెంటిస్‌లకు మించి ఇవ్వకండి. అప్రెంటిస్ ఒక పని ఒంటరిగా చేయగలిగాడని తేలినప్పుడల్లా నేర్పినవాడికి చిన్న అలవెన్స్ ఇవ్వండి. మొత్తం పెద్దది కానక్కర్లేదు, నేర్పడం కూడా తన డ్యూటీలో భాగమని ఫిట్టర్‌కి తెలియడం ముఖ్యం. అకౌంట్స్ వాళ్ళు దీన్ని ఖర్చు అంటారు. ఒక బీమ్ (పడుగు చుట్టిన పెద్ద రోలర్) గుడ్డ మొత్తం స్టార్టింగ్ మార్కులతో, అంటే లూమ్ ఆగి మళ్ళీ మొదలైనచోట పడే గీతలతో, రిజెక్ట్ అయితే పోయేదెంతో పక్కన వేసి చూపించండి.

రిటైర్ అయిన మాస్టర్లు మీ చుట్టుపక్కల ఉంటే పూటకి రెండు మూడు గంటలు పిలవండి. ప్రొడక్షన్ బాధ్యత ఏదీ పెట్టకండి, కేవలం నేర్పడమే. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన ఏర్పాటు ఇదే.

నేర్పడం కూడా నేర్పాలి. గొప్ప ఫిట్టర్ గొప్ప గురువు కావాలని లేదు. చేతికి పూర్తిగా అలవాటైపోయిన పనిని మాటల్లో పెట్టడం చాలా కష్టం. 1940ల్లో యుద్ధం వల్ల అమెరికా ఫ్యాక్టరీల్లో నిపుణుల కొరత వచ్చినప్పుడు టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అనే ట్రైనింగ్ కార్యక్రమం నడిపారు. అందులో పని నేర్పే పద్ధతి నాలుగు మెట్లు: నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం, చేసి చూపించడం, అతనితో చేయించి చూడటం, ఆ తర్వాత కనిపెట్టి ఉండటం. దానికి ముందు నేర్పేవాడు ఆ పనిని కాగితం మీద విడగొట్టుకోవాలి: ఏ మెట్టు, అందులో జాగ్రత్తపడాల్సింది ఏమిటి, ఎందుకు. ఆ "ఎందుకు" గడి నింపమంటే ముప్పై ఏళ్ళ అనుభవమున్న మాస్టర్లు కూడా కాసేపు ఆగి ఆలోచించడం చూశాను. ఆ ఆలోచనలోంచి వచ్చే సమాధానమే అప్రెంటిస్‌కి కావాల్సింది.

ఉదాహరణకి రింగ్ ఫ్రేమ్ (నూలు వడికే మెషిన్) మీద తెగిన పోగు అతకడం తీసుకోండి. నూలు చుట్టుకునే స్పిండిల్ నిమిషానికి 15,000 నుంచి 20,000 చుట్లు తిరుగుతుంటుంది. మోకాలితో బ్రేక్ నొక్కి స్పిండిల్ ఆపాలి, కాప్ (నూలు చుట్ట) మీద పోగు కొస వెతికి పట్టుకోవాలి, మిల్లీగ్రాముల బరువుండే ట్రావెలర్ అనే చిన్న కొక్కెంలోంచి దూర్చాలి, పోగుకు దారి చూపే ల్యాపెట్ హుక్‌లోంచి పైకి తేవాలి, స్పిండిల్ వదులుతూ ఫ్రంట్ రోలర్ దగ్గర వస్తున్న పీచుకి తాకించాలి. చూస్తే ఇంతే. కానీ కొస మరీ పొడుగ్గా పట్టుకుంటే అతుకు లావవుతుంది. ఆ లావు వైండింగ్‌లో (నూలును పెద్ద కోన్‌లకు చుట్టే చోట) కట్ అవుతుంది, లేదా తప్పించుకుని గుడ్డలో కనబడుతుంది. ఎంత పొడుగు పట్టుకోవాలో, వేలు ఎప్పుడు వదలాలో చెప్పకుండా "అలా అతుకు" అంటే పిల్లకి తను చేసే తప్పు కూడా కనబడదు. ఆ అతుకున్న నూలును చిన్న నల్ల పలక మీద చుట్టి చూపిస్తే రెండో రోజుకే తేడా వస్తుంది.

అన్ని పనులకీ అప్రెంటిస్‌షిప్ అక్కర్లేదు. డాఫింగ్ (నిండిన కాప్‌లు తీయడం), సైడ్ చూడటం (ఫ్రేమ్ ఒక వైపు పోగులు కనిపెట్టి ఉండటం), ప్యాకింగ్ లాంటివి కొన్ని వారాల ట్రైనింగ్‌తో వస్తాయి. వాటికి ఏళ్ళ తరబడి అప్రెంటిస్ అని పేరుపెట్టి తక్కువ స్టైపెండ్‌తో పని చేయించుకోవడం నేర్పడం కాదు, దోపిడీ. నిజంగా ఏళ్ళు పట్టేవి: స్పిన్నింగ్, లూమ్, నిట్టింగ్ మెషిన్ల మెయింటెనెన్స్, సైజింగ్ (పడుగుకు గంజి పట్టించడం), డయింగ్‌లో షేడ్ మ్యాచింగ్ (అడిగిన రంగుకు సరిపోల్చడం), ఎలక్ట్రానిక్స్, గుడ్డ లోపాలు చూసి కారణం వెనక్కి పట్టుకోగల ఇన్‌స్పెక్షన్. మీ మిల్లులో వచ్చే ఐదేళ్ళలో ఎవరెవరు రిటైర్ అవుతారో రాసుకుని, ఏ మనిషి లేకపోతే మెషిన్ ఆగిపోతుందో గుర్తు పెట్టండి. స్కీము ఆ రెండు మూడు ట్రేడులతోనే మొదలవ్వాలి.

లూమ్ మెయింటెనెన్స్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, నేను బతికింది అందులోనే.

ఎయిర్‌జెట్ లూమ్‌లో పేక పోగు గాలితో వెళ్తుంది. మెయిన్ నాజిల్ తోస్తుంది, వరసగా ఉన్న రిలే నాజిళ్ళు దాన్ని అవతలి అంచుదాకా మోస్తాయి. పోగు అవతలికి ఏ డిగ్రీ దగ్గర (లూమ్ ఒక చుట్టు 360 డిగ్రీలు) చేరుతోందో స్క్రీన్ మీద కనబడుతుంది, చాలా సెట్టింగుల్లో 230 డిగ్రీల అటూ ఇటూ. వెఫ్ట్ స్టాపులు (పేక వల్ల లూమ్ ఆగడాలు) పెరిగాయనుకోండి. సరిగా నేర్చుకోని ఫిట్టర్ చేసే మొదటి పని ఎయిర్ ప్రెషర్ పెంచడం. స్టాపులు తగ్గుతాయి. అందరూ మెచ్చుకుంటారు. అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది: నాజిల్‌లో సైజింగ్ పొడి పేరుకుని ఉండొచ్చు, పడుగు టెన్షన్ తగ్గి, పోగుల మధ్య పేక వెళ్ళే సందు (దీన్నీ షెడ్ అనే అంటాం) శుభ్రంగా తెరుచుకోకపోవచ్చు, గాలిని వదిలే సోలనాయిడ్ వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటూ ఉండొచ్చు, లేదా పేక ప్యాకేజీయే బాగా చుట్టి ఉండకపోవచ్చు. ఇలా ఒక్కో లూమ్‌కి కొంచెం కొంచెం ప్రెషర్ పెంచుకుంటూ పోతే షెడ్ మొత్తానికి కంప్రెసర్ లోడ్ ఎక్కడికో పోతుంది. ఎయిర్‌జెట్ షెడ్‌లో కరెంటు ఖర్చులో పెద్ద వాటా కంప్రెస్డ్ ఎయిర్‌దే. అంటే నైపుణ్యం కొరత మీకు ఖాళీ కుర్చీగా కనబడకపోవచ్చు, కరెంటు బిల్లులో దాక్కుని ఉండొచ్చు.

కాబట్టి అప్రెంటిస్‌కి నేను మొదట ఇచ్చే పని స్పానర్ పని కాదు. ఒక్క లూమ్ అప్పగించి, వారం పాటు ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో రాయమంటాను. పడుగు తెగిందా, పేక తెగిందా, ఎటువైపు, బీమ్ నిండుగా ఉన్నప్పుడా, చివర్లోనా, షెడ్‌లో తేమ ఎంత ఉంది. పత్తి నూలు నేసేచోట తేమ 75 శాతం దగ్గర ఉండాల్సింది బాగా పడిపోతే పడుగు తెగుళ్ళు పెరుగుతాయి. ఆ సంగతి పిల్లవాడు తన రాతలోనే కనిపెట్టినప్పుడు ముఖం వెలిగిపోతుంది. ఆ తర్వాతే చేతికి పనిముట్టు. నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చాలి, మార్చే ముందు పాత విలువ రాసుకోవాలి. దీన్ని పాటించే అప్రెంటిస్ రెండో ఏడాదికే, పాటించని పదేళ్ళ సీనియర్ కన్నా నమ్మకంగా లూమ్ సరిచేస్తాడు.

డయింగ్ అప్రెంటిస్‌లకు ముందు కళ్ళు పరీక్షించండి. ఇది చాలామంది మర్చిపోతారు. మగవాళ్ళలో ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళలో ఎందరికో ఆ సంగతే తెలియదు. ఇషిహారా పుస్తకంతో (రంగు చుక్కల్లో అంకెలు గుర్తుపట్టే పరీక్ష) పది నిమిషాల్లో తేలిపోతుంది. షేడ్ మ్యాచింగ్‌కి తీసుకునేవాళ్ళకి ఫార్న్స్‌వర్త్ మన్సెల్ 100 హ్యూ టెస్ట్ కూడా పెడితే మంచిది. రంగు మూతల్ని వరసగా పేర్చే పరీక్ష అది. ఏడాది నేర్పాక ఈ సంగతి బయటపడితే ఆ పిల్లవాడికి ఎంత అన్యాయం! ముందే తెలిస్తే అదే మనిషిని మెషిన్ వైపు తీసుకోవచ్చు.

ఇక షేడ్ పని నేర్పేటప్పుడు వంటకాల పుస్తకంలా రెసిపీలు కంఠస్థం చేయించకండి. పాలిస్టర్‌ని డిస్పర్స్ రంగులతో 130 డిగ్రీల దగ్గర ఎందుకు వేస్తారు, పత్తిలో రియాక్టివ్ రంగుకి సోడా యాష్ ముందే పోస్తే ఏమవుతుంది అనేవి చిన్న బీకర్లలో కావాలని తప్పుగా చేయించి చూపించండి. తడిగా, వేడిగా ఉన్న శాంపిల్‌ని స్టాండర్డ్ పక్కన పెట్టి తీర్పు చెప్పే అలవాటు మొదటి నెలలోనే మాన్పించాలి. ఆరి, చల్లబడి, గది తేమకు సర్దుకున్నాకే చూడాలి. లైట్ బాక్స్‌లో డీ65 (పగటి వెలుగును పోలిన లైటు) కింద కలిసిన రంగు షాపు లైటు కింద విడిపోవడం ఒకసారి కళ్ళారా చూస్తే ఇక జన్మలో మర్చిపోరు.

హాజరుతో ట్రైనింగ్ పూర్తయినట్టు లెక్కేయకండి. ట్రేడ్‌కి అవసరమైన పనులన్నీ ఒక పుస్తకంలో రాయండి. ఒక్కో పనికి నాలుగు సంతకాలు: చూశాడు, పక్కన మనిషి ఉండగా చేశాడు, ఒంటరిగా చేశాడు, ఇంకొకరికి చూపించాడు. నాలుగోది పెట్టడం ముఖ్యం. రేపు మీ మిల్లులో నేర్పేవాళ్ళు అక్కణ్ణుంచే వస్తారు. మూడు నెలలకోసారి వేరే డిపార్ట్‌మెంట్ సీనియర్‌తో పరీక్ష పెట్టించండి, నేర్పినవాడే మార్కులు వేయకూడదు. వారంలో ఒక రోజు, కుదరకపోతే అరరోజైనా షెడ్ చప్పుడుకి దూరంగా క్లాసు ఉండాలి: నూలు కౌంట్ (సన్నదనం) లెక్కలు, డ్రాఫ్ట్ (పీచును ఎంత సాగదీయాలో లెక్క), డ్రాయింగ్ చదవడం, ప్రాథమిక ఎలక్ట్రికల్. ఆ క్లాసును ప్రొడక్షన్ ఒత్తిడి వచ్చిందని రద్దు చేయడం మొదలైతే స్కీము అయిపోయినట్టే.

మనుషులు ఎక్కడ దొరుకుతారు? ముందు మీ షెడ్‌లోనే చూడండి. వైండింగ్‌లో పనిచేసే ఒక అమ్మాయి నాకు గుర్తుంది. ఆటోకోనర్ (వైండింగ్ మెషిన్) మీద ఏ డ్రమ్ స్ప్లైస్ (గాలితో వేసే పోగు అతుకు) బలహీనంగా వేస్తోందో రిపోర్టు రాకముందే వేళ్ళతో లాగి చెప్పేసేది. స్ప్లైస్ ఛాంబర్‌లో దుమ్మా, గాలి సరిపోవట్లేదా అనేది కూడా చాలాసార్లు సరిగ్గా ఊహించేది. ఆమెను మెయింటెనెన్స్ అప్రెంటిస్‌గా తీసుకుందామంటే "ఆడపిల్ల స్పానర్ పడుతుందా" అన్నారు. పట్టింది. ఆ సెక్షన్‌లో స్ప్లైసర్లు సెట్ చేయాలంటే తర్వాత అందరూ ఆమెనే పిలిచేవారు. మెయింటెనెన్స్ మగవాళ్ళ పని అని తలుపు మూసుకున్న మిల్లు తనకు దొరకాల్సిన మనుషుల్లో సగం మందిని తనే వదులుకుంటోంది. తలుపు తీస్తే సరిపోదు, బట్టలు మార్చుకునే గది, మంచి టాయిలెట్, రాత్రి షిఫ్ట్ అయితే ఇంటిదాకా వాహనం కూడా ఉండాలి.

మరో చిన్న సలహా: అప్రెంటిస్‌ని ఒంటరిగా తీసుకోకండి. కనీసం ఇద్దరు ముగ్గురు కలిసి చేరితే ఒకరికొకరు తోడు, నిలబడతారు.

ఇక పక్క మిల్లు భయం. కొందరు వెళ్తారు, అది ఆగదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం, పెద్ద బాండ్లు రాయించుకోవడం మాత్రం దయచేసి చేయకండి. అది తప్పు, పైగా ఆ మాట బయటకు పొక్కితే తర్వాతి ఏడాది మంచి పిల్లలు మీ గేటు వైపు చూడరు. వెళ్ళేవాళ్ళు ఎందుకు వెళ్తున్నారో నేను అడిగినప్పుడు జీతం ఒక్కటే చెప్పినవాళ్ళు తక్కువ. "తర్వాత ఏమవుతానో తెలియలేదు" అన్నవాళ్ళే ఎక్కువ. అందుకే చేరిన రోజే కాగితం ఇవ్వండి: ఏ పనులు పూర్తిచేస్తే స్టైపెండ్ ఎంత పెరుగుతుంది, ట్రైనింగ్ అయ్యాక ఏ గ్రేడ్, ఏ జీతం, రెండేళ్ళ తర్వాత ఎక్కడ. మొదటి మూడు నెలలు మరీ జాగ్రత్తగా చూసుకోండి, చాలామంది మానేసేది అప్పుడే. అప్పుడే నైట్ షిఫ్ట్ వేయకండి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: మీ ఫిట్టర్ జీతం చుట్టుపక్కల వాటికంటే బాగా తక్కువైతే ఏ అప్రెంటిస్‌షిప్పూ మనుషుల్ని నిలపలేదు. ముందు అది సరిచేయాలి.

మన రంగం ఈ విషయంలో మోస్తున్న చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ తొలినాటి నూలు మిల్లులు అనాథ పిల్లల్ని అప్రెంటిస్‌ల పేరుతో తెచ్చి పని చేయించుకున్నాయి. వాళ్ళ పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేస్తూ, కొంత చదువు చెప్పాలంటూ 1802లో చట్టం చేయాల్సి వచ్చింది. అంటే అంతకుముందు ఎంతసేపు చేయించేవారో ఊహించండి. ఈ రోజుకీ అప్రెంటిస్ అంటే చవక కూలీ అని తల్లిదండ్రులు అనుమానిస్తే తప్పు పట్టలేం. ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 2023లో నాణ్యమైన అప్రెంటిస్‌షిప్‌ల మీద ఒక సిఫార్సు, 208వది, ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం, పనికి ప్రతిఫలం, పనిచోట నేర్చుకోవడంతో పాటు బయట చదువు, చివర్లో గుర్తింపున్న అర్హత అనేవి అందులో ఉన్నాయి. మీ దేశంలో అప్రెంటిస్ చట్టం ఏం చెబుతుందో చూసి దానికి తగ్గకుండా ఒప్పందం రాయండి.

సేఫ్టీ మొదటి వారంలోనే, మెషిన్ ముట్టుకోకముందే. కార్డింగ్ మెషిన్ (పీచును దువ్వే మెషిన్) కవర్ నడుస్తుండగా తెరవకూడదు, మెయిన్ స్విచ్‌కి సొంత తాళం వేసుకోకుండా చెయ్యి పెట్టకూడదు, జుట్టు, వదులు బట్టలు కట్టుకోవాలి. 85 డెసిబెల్స్ దాటే చప్పుడులో ఏళ్ళ తరబడి రోజంతా ఉంటే వినికిడి దెబ్బతింటుంది, లూమ్ షెడ్ దాన్ని సులువుగా దాటుతుంది. ఇయర్ ప్లగ్ సీనియర్ పెట్టుకోకపోతే జూనియర్ పెట్టుకోడు. నాతో పనిచేసిన పాత వీవర్లలో చాలామంది రిటైర్ అయ్యేసరికి సగం చెవిటివాళ్ళు. కొత్త తరానికి అది జరగకూడదు. బ్లో రూమ్‌లో (పత్తి బేళ్ళు విప్పి శుభ్రం చేసే చోట), కార్డింగ్‌లో పత్తి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. సెలవు తర్వాత మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టుంది అని ఎవరైనా అంటే వెంటనే డాక్టర్‌కి చూపించండి.

మీది అన్నీ నేర్పలేనంత చిన్న మిల్లు అయితే చుట్టుపక్కల రెండు మూడు యూనిట్లతో కలవండి. స్పిన్నింగ్ ఒకచోట, డయింగ్ ఒకచోట, క్లాసు అందరికీ కలిపి ఒకచోట. ఆస్ట్రేలియాలో గ్రూప్ ట్రైనింగ్ సంస్థలు ఇలాగే అప్రెంటిస్‌ని తామే ఉద్యోగిగా తీసుకుని, వేర్వేరు కంపెనీల్లో పనికి పెడతాయి. పక్క మిల్లువాడు ఎత్తుకుపోతాడనే భయం కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే నేర్పే ఖర్చు అతనూ పెడుతున్నాడు.

ఈ నెలలో చేయదగింది ఒక్కటే చెప్పమంటే, రిటైర్మెంట్‌కి దగ్గరగా ఉన్న ఫిట్టర్లతో విడివిడిగా కూర్చోండి. మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పనులేమిటని అడిగి రాసుకోండి. ఫోన్‌తో ఆ సెట్టింగులు చేస్తుండగా వీడియో తీయండి, చేస్తూ చెప్పమనండి. పనుల పుస్తకానికి మొదటి పేజీలు అవే. మీ లూములు ఎయిర్‌జెట్టా, రేపియరా (పేకను కడ్డీతో లాక్కెళ్ళేవి), డయింగ్‌లో నూలు వేస్తారా గుడ్డ వేస్తారా అనేది కింద రాయండి. ఆ ట్రేడ్‌కి మొదటి ఆరు నెలల పనుల జాబితా నా దగ్గర ఉన్నది మీకు తగ్గట్టు మార్చి పెడతాను.